వేయడమా, పెట్టడమా, ఇవ్వడమా, పంపడమా: ఇల్లు లేనివాళ్లకి పిల్లల చేత ఏది చేయిస్తే మేలు

మన తెలుగులో ముష్టి వేస్తాం, అన్నం పెడతాం, బట్టలు ఇస్తాం, చందా పంపుతాం. నాలుగూ మన చేతిలోంచి పోయేవే కానీ, ఒక్కో మాటలో ఇచ్చేవాళ్లకీ పుచ్చుకునేవాళ్లకీ మధ్య దూరం ఒక్కోలా ఉంటుంది. వేసేటప్పుడు మనిషి మొహం చూడక్కర్లేదు, పెట్టేటప్పుడు చూడకుండా కుదరదు. మేం ఉండేది ఒడిశాలోని బరంపురంలో, ఇద్దరు పిల్లలు, పెద్దాడికి ఎనిమిదేళ్లు, చిన్నదానికి నాలుగు నిండాయి. ఈ నాలుగు పద్ధతులూ వాళ్ల చేత చేయించి చూశాం, కొన్ని బాగా పనికొచ్చాయి, ఒకటైతే చేసి ఉండకూడదు అనిపించింది. పిల్లలకి పెట్టే చెయ్యి అలవాటు కావాలి, ఏది చేయించమంటారు అని అడిగేవాళ్లకి నాకు తెలిసినంతలో చెబుతాను.

ఏది మంచిదో తేల్చుకోవడానికి నేను చూసేవి మూడు. పిల్లాడి దగ్గర ఏమైనా తగ్గిందా? ఎదుటి మనిషి మొహం చూశాడా? ఆ మనిషికి అది నిజంగా కావాలా? ఎంత ఖర్చయింది, ఎంతమందికి ఇచ్చాం అన్నవి పెద్దవాళ్ల లెక్కలు, చిన్నపిల్లలకి వాటితో పనిలేదు.

మొదటిది ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి. 2012లో కెనడాలో రెండేళ్లు నిండని పిల్లలతో ఒక పరిశోధన చేశారు. పిల్లలకి చిన్న చిన్న బిస్కెట్లు ఇచ్చి, వాటిని ఒక బొమ్మకి పెట్టించి, వాళ్ల మొహాల్లో సంతోషం ఎంత ఉందో చూశారు. తాము తీసుకున్నప్పటికన్నా పెట్టినప్పుడే పిల్లలు ఎక్కువ సంతోషించారు, అందులోనూ వేరేగా తెచ్చిన బిస్కెట్ పెట్టినప్పటికన్నా తమ గిన్నెలోది తీసి పెట్టినప్పుడు ఇంకా ఎక్కువ. అంటే పెట్టే గుణం పిల్లల్లో ముందే ఉంది, మనం కొత్తగా నేర్పేదేం లేదు, అది పోకుండా చూసుకోవాలంతే. అమ్మ పర్సులోంచి తీసిన నోటు పిల్లాడి చేతి మీదుగా వెళ్లినంత మాత్రాన అది పిల్లాడు ఇచ్చినట్టు కాదు, వాడు మధ్యలో పోస్ట్‌మ్యాన్ మాత్రమే.

అసలు వీటన్నిటికన్నా ముందు మన నోళ్లు సరిచేసుకోవాలి. "అన్నం తింటావా, ముష్టోడికి పట్టించేయనా?" అన్న మాట మన ఇళ్లలో ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో చూడండి. రెండేళ్లప్పుడు గోనెసంచి భుజాన వేసుకున్న మనిషిని చూపించి భయపెట్టి, అయిదేళ్లు వచ్చాక అదే మనిషి దగ్గరికి వెళ్లి బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి రమ్మంటే పిల్లలు మన చీర వెనక దాక్కోక ఏం చేస్తారు? మా అత్తగారికి కూడా ఈ మాట అలవాటే, ఆవిడ మీద నాకు కోపం ఏమీ లేదు, ఆవిడకి వాళ్ల అమ్మ అలా చెప్పింది. కానీ మా ఇంట్లో ఆ మాట మానేశాం. ఎవరి గురించి చెప్పినా తాత, మామ్మ, అన్న, ఒడియావాళ్లయితే అజా (తాత), మౌసీ (పిన్ని). ఇంకో మాట కూడా మానాలి, "చదువుకోకపోతే నువ్వూ అలాగే రోడ్డు మీద పడతావు" అనేది. ఒక మనిషి కష్టాన్ని మన పిల్లాడి హోంవర్క్ కోసం వాడుకోవడం అది, అందులో దయ కాస్త కూడా మిగలదు.

మరి ఇల్లు ఎందుకు లేదు అని అడిగితే ఏం చెప్పాలి? మా పెద్దాడు అడిగినప్పుడు నేను 2013 అక్టోబర్ 12 రాత్రి గురించి చెప్పాను. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి అది. తెల్లారేసరికి రేకులు ఎగిరిపోయిన ఇళ్లు, విరిగిన చెట్లు, కరెంటు లేదు, నీళ్ల కోసం బిందెలు పట్టుకుని మేమందరం లైన్లో నిలబడ్డాం, మాకు తెలియనివాళ్లు వచ్చి వాటర్ ప్యాకెట్లు, అటుకులు పంచితే చేతులు చాచి తీసుకున్నాం. అప్పటికి వాడు పుట్టలేదు. "నువ్వూ అడుక్కున్నావా అమ్మా?" అన్నాడు. అవును, తీసుకున్నాను అన్నాను. ఆ తర్వాత వాడు ఆ ప్రశ్న ఇంకోలా అడగడం మొదలుపెట్టాడు, "ఆ తాతకి కూడా తుఫానులో ఇల్లు పోయిందా?" అని. తుఫాను కావచ్చు, జబ్బు కావచ్చు, కొడుకులు చూడకపోవడం కావచ్చు, మన గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాల మీద పనికి పోయినవాళ్లు కొందరు అక్కడ ఏ ఇరుకు గదిలోనో రోడ్డు పక్కనో పడుకుంటున్నారు, వాళ్లకి ఇక్కడ ఊళ్లో ఇల్లు ఉంది కానీ అక్కడ లేదు. ఇవన్నీ పిల్లలకి చెప్పొచ్చు, అర్థమవుతాయి. 2011 జనాభా లెక్కల్లో అయితే ఇల్లు లేనివాళ్లని ఒకే రాత్రి, ఫిబ్రవరి 28న లెక్కపెట్టారు. ఫుట్‌పాత్‌లు, ప్లాట్‌ఫారాలు, గుడి మండపాలు, ఖాళీ సిమెంటు గొట్టాలు, ఎక్కడ పడుకుంటే అక్కడికి వెళ్లి లెక్కపెడితే దేశం మొత్తం మీద 17 లక్షల 70 వేల పైచిలుకు తేలారు.

కొంచెం పెద్ద పిల్లలకి కథ కావాలంటే మన చుట్టూనే ఉంది. మార్గశిర లక్ష్మివారాల్లో మన పక్కింటి ఒడియావాళ్లు మాణబసా పూజలో చదువుకునే కథ. అంటరానివాళ్ల ఇంటికి వెళ్లిందని, అన్న బలభద్రుడి మాట విని, జగన్నాథుడు లక్ష్మీదేవిని గుడిలోంచి పంపించేస్తాడు. ఆవిడ వెళ్లిపోగానే గుడిలో గింజ ఉండదు, అన్నదమ్ములిద్దరూ వీధి వీధీ తిరుగుతారు, దొంగలనుకుని తరిమేసేవాళ్లే తప్ప పెట్టేవాళ్లు ఉండరు, చివరికి లక్ష్మి ఇంటి గుమ్మం ముందే అన్నం దొరుకుతుంది. దేవుడే ఇల్లూ అన్నమూ లేక తిరిగాడని తెలిసిన పిల్లలు రోడ్డు మీద మనిషిని వేరే కళ్లతో చూస్తారు. మా వాడు చూశాడు.

ఇక ఒక్కో పద్ధతీ చూద్దాం.

వేయడం

అన్నిటికన్నా తేలిక ఇదే, అందుకే అందరం చేసేదీ ఇదే. గుడి మెట్ల మీద, సిగ్నల్ దగ్గర, పిల్లాడి చేతిలో అయిదు రూపాయల బిళ్ల పెట్టి "వేసి రా" అంటాం. వాడు పరిగెత్తుకెళ్లి గిన్నెలో టంగుమని వేసి, వెనక్కి చూడకుండా పరిగెత్తుకొస్తాడు. వాడికి ఆ చప్పుడు గుర్తుంటుంది, మనిషి గుర్తుండరు. నాలుగేళ్ల పిల్లకి డబ్బు విలువ తెలియదు కాబట్టి తన దగ్గర ఏదో తగ్గిందన్న ఊహ కూడా రాదు.

కానీ డబ్బు ఇవ్వడమే తప్పు అని నేననను. పెద్దవాళ్లకి పెద్దవాళ్లు ఇచ్చేటప్పుడు చాలాసార్లు డబ్బే మర్యాద, మందులకో బస్సుకో టీకో ఏది కావాలో వాళ్లకే తెలుసు. "తాగేస్తారు" అన్న మాట మాత్రం పిల్లల ముందు అనొద్దు, ఒకసారి ఆ అనుమానం చెవిలో పడితే ఇంక ప్రతి మనిషినీ అదే చూపుతో చూస్తారు. డబ్బు ఇప్పించాలనుకుంటే ఆరేడేళ్లు వచ్చాక, వాడి డిబ్బీలోంచి, ఆగి, చేతిలో పెట్టి, "తీసుకోండి తాతా" అనిపించి ఇప్పించండి. అప్పుడది వేయడం కాదు, ఇవ్వడం అవుతుంది.

ఒక్క చోట మాత్రం డబ్బు అస్సలు వద్దు. చంకలో పసిబిడ్డతోనో ఒంటరిగానో చిన్నపిల్లలే వచ్చి చెయ్యి చాపినప్పుడు. మన పిల్లల ఈడువాళ్లు కాబట్టి మన పిల్లలకి ఎక్కువ జాలేస్తుంది, వెంటనే ఇచ్చేద్దాం అంటారు. పిల్ల చేతికి డబ్బు వస్తున్నంతకాలం ఆ పిల్లని రోడ్డు మీదే ఉంచేవాళ్లుంటారు. తినడానికి ఏదైనా అక్కడే తినేలా పెట్టండి, 1098కి ఫోన్ చేయండి. పిల్లల హెల్ప్‌లైన్ అది, డబ్బులు పడవు, రాత్రీ పగలూ తీస్తారు. ఆ ఫోన్ మీ పిల్లల ఎదురుగానే చేయండి, ఇవ్వడం అంటే చేతిలో పెట్టడం ఒక్కటే కాదని వాళ్లకి అప్పుడు తెలుస్తుంది.

పెట్టడం

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి నా ఓటు దీనికే, ఇందులో నాకు అనుమానం లేదు. అన్నం గురించి మూడేళ్ల పిల్లకి మొత్తం తెలుసు, ఆకలి తెలుసు, తన ప్లేటు తెలుసు, ఒక ఇడ్లీ ఇస్తే ఒకటి తగ్గుతుందని తెలుసు. సంక్రాంతి నెలలో హరిదాసు వచ్చినప్పుడు పిల్లల చేత దోసెడు బియ్యం పోయించడం మన పెద్దవాళ్లు ఊరికే పెట్టలేదు. తల మీద పాత్ర పిల్లలకి అందేలా ఆయన మోకాళ్ల మీద వంగుతాడు, పిల్ల తన రెండు చేతులతో పోస్తుంది, సగం కింద పడుతుంది, ఎవరూ విసుక్కోరు. ఇంత చక్కటి పద్ధతి ఇంట్లోనే ఉంటే మనం దాన్ని పండక్కే పరిమితం చేశాం.

మేం చేసేది ఇది. ఆదివారం పొద్దున్న పులిహోర కలుపుతాను, ఎక్కువ కాదు, నలుగురైదుగురికి. అడ్డాకు దొన్నెల్లో, విస్తళ్లలో కట్టుకుని వెళ్తాం. మన వైపు సంతల్లో అడ్డాకులు దొరుకుతూనే ఉంటాయి, ఒడియాలో సియాళి ఆకు అంటారు, ప్లాస్టిక్ డబ్బాలకన్నా అవే నయం. పులిహోరే ఎందుకంటే చింతపండు వల్ల ఎండలో కూడా కాసేపు నిలుస్తుంది, ఎవరైనా తర్వాత తింటామని పక్కన పెట్టుకున్నా టెన్షన్ ఉండదు. పప్పన్నం, కూరన్నం, పెరుగన్నం అయితే ఈ ఉక్కలో వండిన రెండు గంటల్లోపు వాళ్ల నోట్లో పడాలి, లేకపోతే వద్దు. ఫంక్షన్‌లో మిగిలినవి సాయంత్రం దాకా ఉంచి పంచిపెట్టడం కొందరు గొప్పగా చేస్తారు, మన పిల్లలకి మనం పెట్టనిది వేరేవాళ్లకి పెట్టించకూడదు. మన పిల్లలు చూస్తూనే ఉంటారు.

బిస్కెట్ ప్యాకెట్ చెడ్డదేం కాదు, పాడవదు, దాచుకోవచ్చు. కానీ ముసలివాళ్లకి పళ్లుండవు. ఇది నాకు ఎలా తెలిసిందో తర్వాత చెబుతాను. అరటిపండు, ఇడ్లీ, అటుకులు, మెత్తగా నానే ముఢీ (మరమరాలు), ఇవి నయం. వేసవిలో అయితే మజ్జిగకి మించింది లేదు. మన ఊళ్లలో మే నెలలో వీధి చివర చలివేంద్రాలు పెడతారు కదా, ఒడియాలో జలఛత్ర అంటారు, అక్కడ పిల్లల్ని గంటసేపు గ్లాసులు అందించడానికి నిలబెట్టండి. అడిగితే ఎవరూ కాదనరు. రిక్షా ఆయన, కూలికి వెళ్లే ఆవిడ, రోడ్డు మీద ఉండే తాత, కారు దిగిన పెద్దమనిషి, అందరికీ అదే గ్లాసు, అదే నీళ్లు. ఎవరికి ఇల్లుంది ఎవరికి లేదు అన్నది అక్కడ పిల్లలకి కనబడను కూడా కనబడదు, నాకు అది చాలా నచ్చింది.

వండే తీరిక లేనివాళ్లకి ఒడిశాలో ఇంకో దారి ఉంది. 2015 ఏప్రిల్ 1న, ఉత్కళ దివస్ రోజున, అయిదు నగరాల్లో ఆహార్ కేంద్రాలు మొదలయ్యాయి, వాటిలో మన బరంపురం ఒకటి. అయిదు రూపాయలకి అన్నం, దాల్మా, అంటే కూరముక్కలు వేసి వండిన పప్పు. పిల్లాడు తన డిబ్బీలోంచి పది రూపాయలు తీసి, ఒక మనిషితో కలిసి వెళ్లి, ఇద్దరికీ టోకెన్లు తీసుకుని పక్కపక్కన నిలబడి తింటే, నా దృష్టిలో వందమందికి అన్నదానం చేయించినదానికన్నా అదే ఎక్కువ. మా పెద్దాడు ఒకసారి తిన్నాడు. దాల్మాలో బొప్పాయి ముక్కలు ఇంట్లో తీసి పక్కన పెట్టేవాడు అక్కడ తినేశాడు, పక్కన తాత తింటున్నాడు కాబట్టి.

ఇవ్వడం

వస్తువులు. ఆరేళ్లు దాటిన పిల్లలకి ఇది బాగా సరిపోతుంది, ఎందుకంటే ఇందులో ఆలోచించాలి. ఇల్లు లేకుండా ఒక రోజు గడపాలంటే ఏమేం కావాలి అని పిల్లల్ని కూర్చోబెట్టి అడగండి. మా ఇంట్లో మొదట వచ్చిన జవాబులు టీవీ, మంచం, ఫ్యాన్. తర్వాత నెమ్మదిగా సబ్బు వచ్చింది, చెప్పులు వచ్చాయి, "వాన పడితే ఎలా?" వచ్చింది. ఆ మాటల్లోంచే సంచి తయారైంది.

గుడ్డ సంచి, భుజాన తగిలించుకునేది, మూతి తాడుతో బిగించేది అయితే పడుకున్నప్పుడు తల కింద పెట్టుకోవచ్చు. అందులో గామ్ఛా, అంటే పల్చటి నూలు తుండు, ఒకటి, మామూలు తువ్వాలు కాదు, గామ్ఛానే, ఎందుకంటే అది తుడుచుకోవడానికి, కప్పుకోవడానికి, తలకి చుట్టుకోవడానికి, మూట కట్టుకోవడానికి, ఆరేయడానికి అన్నిటికీ పనికొస్తుంది. సబ్బు బిళ్ల, దువ్వెన, సూదీ దారం, దోమల క్రీము, చిన్న నీళ్ల సీసా. ఎండాకాలం ఓఆర్ఎస్ ప్యాకెట్లు, అవి పెట్టేటప్పుడు లీటరు నీళ్లకి కలిపేదా, చిన్న గ్లాసుకి కలిపేదా అన్నది ప్యాకెట్ మీద చూసి, ఇచ్చేటప్పుడు నోటితో చెప్పాలి, చాలామంది చదువుకోలేరు. వానాకాలం మనిషి పడుకునేంత ప్లాస్టిక్ పట్టా. ఆడవాళ్లకి ఇచ్చే సంచిలో శానిటరీ ప్యాడ్లు, అవి మీరే పెట్టి మీరే ఇవ్వండి. మాకు ఒక్కో సంచికి 150 రూపాయల దాకా అయింది. నెలకి ఒక్కటి చేసినా చాలు.

దుప్పట్ల విషయం వేరే చెప్పాలి. డిసెంబర్ రాగానే అందరూ దుప్పట్లే పంచుతారు, ఒకే మనిషికి మూడు వస్తాయి, మోసుకోలేక ఒకటి వదిలేస్తారు. ఏజెన్సీ వైపు, కోరాపుట్, రాయగడ కొండల్లో చలి గట్టిగా ఉంటుంది, అక్కడ దుప్పటి ప్రాణం. మన కోస్తా వైపు అంత అవసరం ఉందో లేదో అడిగి ఇవ్వడమే మంచిది.

పాత బట్టలు, పాత బొమ్మలు ఇప్పించడం గురించి అమ్మలు ఎక్కువ అడుగుతారు. ఇవ్వొచ్చు, కానీ ఉతికి, ఇస్త్రీ చేసి, గుండీలు కుట్టి. "ఇది నీకు పొట్టయింది కదా, ఇచ్చేద్దాం" అంటే పిల్లాడు ఏం వదులుకున్నట్టు? బీరువా ఖాళీ అయింది, అంతే. ఇంకా వేసుకుంటున్నదాంట్లోంచి ఒకటి వాడే ఎంచి ఇస్తానంటే అది వేరు. బలవంతం మాత్రం చేయొద్దు. మా చిన్నది ఎర్ర గొడుగు ఇస్తానని చెప్పి, తీరా ఇచ్చే వేళకి రెండు చేతులతో కరుచుకుని ఏడ్చింది. సరే, ఇంకో రోజు ఇద్దువులే అన్నాను. ఇంకో రోజు రాలేదు, పర్వాలేదు.

బహుమతి ఆశ కూడా పెట్టొద్దు. "ఇచ్చి రా, ఐస్‌క్రీం కొనిపెడతా" అంటే ఒకసారి పనిచేస్తుంది. 2008లో జర్మనీలో ఇరవై నెలల పిల్లల మీద చూస్తే, సాయం చేసినందుకు ఆటవస్తువు ఇచ్చిన పిల్లలు తర్వాత తక్కువగా సాయం చేశారు, నోటిమాటతో మెచ్చుకున్న పిల్లల్లో అలా జరగలేదు. కాబట్టి బాగుంది నాన్నా అని ఊరుకోండి, ఐస్‌క్రీం వేరే రోజు కొనండి.

పంపడం

చందా, ఫోన్‌లో డబ్బు పంపడం, ఆశ్రమంలో పుట్టినరోజు. వీటి వల్ల అవతలివాళ్లకి ఎక్కువ మేలు జరుగుతుంది, అది నిజం. ఇల్లు లేనివాళ్లకి నిజంగా కావలసింది పులిహోర కాదు, ఇల్లు, మందులు, పని, గుర్తింపు కార్డు. ఏడాది పొడవునా తెరిచి ఉండే షెల్టర్లు పట్టణాల్లో ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నియమాల్లోనే రాశారు, మీ మునిసిపాలిటీలో అడిగి షెల్టర్ ఎక్కడుందో తెలుసుకుని, పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లి చూపించి, అక్కడ ఏం లేదో అడిగి ఆ వస్తువు కొనిపెట్టడం పదేళ్లు దాటిన పిల్లలకి చాలా మంచి పని. ఆ వయసుకి కనపడని మనిషి కోసం కూడా ఇవ్వగలరు. అయిదేళ్ల పిల్లకి మాత్రం ఫోన్‌లో టిక్కు మార్కు పడటానికీ గేమ్‌లో స్టేజీ దాటడానికీ తేడా తెలియదు.

పుట్టినరోజు సంగతి చెప్పాలి. మా పెద్దాడి అయిదో పుట్టినరోజుకి ఒక ఆశ్రమానికి వెళ్లాం, పేరు అక్కర్లేదు, తప్పు వాళ్లది కాదు. కేక్ తీసుకెళ్లాం, భోజనాలకి డబ్బు కట్టాం. అక్కడి పిల్లలు నలభైమంది వరసగా కూర్చుని, మావాడు ఎవరో తెలియకపోయినా పాట పాడి, చప్పట్లు కొట్టి, ప్లేట్లు పట్టుకుని ఎదురుచూశారు. ఫోటోలు తీసుకున్నాం. ఇంటికి వచ్చే దారిలో ఆటోలో వాడు అడిగాడు, "అమ్మా, వాళ్లు నాకు గిఫ్టులు ఎందుకు ఇవ్వలేదు?" ఆ ప్రశ్నకి నేను వాణ్ణి ఏమీ అనలేకపోయాను. ఆ రోజు అంతా వాణ్ణే మధ్యలో కూర్చోబెట్టాం, మరి వాడికి అలా కాక ఇంకెలా అనిపిస్తుంది? ఆశ్రమానికి ఇవ్వాలనుకుంటే మామూలు రోజు ఇవ్వండి. బియ్యం బస్తా దింపి, పిల్లల్ని అక్కడి పిల్లలతో ఒక గంట ఆడుకోనివ్వండి. ఫోటోలు వద్దు, ఎక్కడా వద్దు, రోడ్డు మీద అసలే వద్దు. మనం నిద్రలో ఉండగానో తింటుండగానో ఎవరో వచ్చి ఫోటో తీస్తే ఎలా ఉంటుందో అదే.

జాగ్రత్తలు కొన్ని గబగబా చెబుతాను. పగటిపూటే వెళ్లండి, పిల్లలు మీ చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. నిద్రపోతున్నవాళ్లని లేపొద్దు, పక్కన పెట్టి వచ్చేయండి. తాగి ఉన్నవాళ్లు, కోపంగా ఉన్నవాళ్లు కనిపిస్తే దాటి వెళ్లిపోండి, ఎందుకో పిల్లలకి తర్వాత చెప్పొచ్చు. శానిటైజర్ రాసుకోవాలంటే మలుపు తిరిగాక రాసుకోండి, వాళ్ల కళ్లెదురుగా కాదు. వద్దన్నవాళ్లని బతిమాలొద్దు, వద్దనే హక్కు వాళ్లకీ ఉంది. ఇచ్చి వచ్చాక "చూశావా, నువ్వెంత అదృష్టవంతుడివో" అనొద్దు. వీలైతే వారానికో మనిషిని వెతుక్కోవడం కన్నా ఒకే చోటికి, అదే మనుషుల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లండి, స్టేషన్ బయట కావచ్చు, బుఢీ ఠాకురాణి గుడి దగ్గర కావచ్చు. పిల్లలకి మనుషులు అలవాటవుతారు, మనుషులకి పిల్లలు అలవాటవుతారు. ఏ భాషవాళ్లో తెలియకపోతే "అజా, ఖాఇలేణి కి?" (తాతా, తిన్నారా?) అని ఒడియాలో అడగమనండి, శ్రీకాకుళం వైపువాళ్లయితే వాళ్లే తెలుగులో బదులిస్తారు.

బిస్కెట్ల సంగతి చెబుతానన్నాను కదా. స్టేషన్ బయట టీ కొట్టు పక్కన ఒక మామ్మ కూర్చునేది. పెద్దాడు అప్పుడు ఆరేళ్లవాడు, వాడి సొంత బిస్కెట్ ప్యాకెట్, సగం తిన్నది కాదు, కొత్తది, తీసుకెళ్లి ఇచ్చాడు. ఆవిడ విప్పింది, కొరకబోయి ఆగి నవ్వింది, నోట్లో ఒక్క పన్ను లేదు. టీ గ్లాసులో ముంచి మెత్తగా చేసుకుని తింది. రెండోది విరిచి, సగం తను ఉంచుకుని, సగం మావాడికి చాపింది. వాడు నా వైపు చూశాడు. ఆ ఒక్క క్షణం నేను తటపటాయించాను, ఆవిడ చేతుల వైపు చూశాను, ఆ చూపు ఆవిడ గమనించింది కూడా, చెయ్యి కొంచెం వెనక్కి తీసుకుంది. అది ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది. తీసుకో నాన్నా అన్నాను. వాడు తీసుకుని, ఆవిడ పక్కనే గోనె మీద చతికిలబడి తిన్నాడు.

తర్వాత వారం సంచి సర్దుతుంటే వాడే అన్నాడు, మామ్మని ఏం కావాలో అడుగుదాం అని. అంతవరకూ మేం ఒక్కసారి కూడా అడగలేదు, అన్నీ మేమే అనుకుని మేమే సర్దాం. వెళ్లి అడిగాడు. ఆవిడ చాలాసేపు ఆలోచించింది. దుప్పటి అనలేదు, డబ్బు అనలేదు, అన్నం అనలేదు. తలకి రాసుకోవడానికి కాస్త కొబ్బరినూనె అంది, నూనె పెట్టుకుని ఎన్నాళ్లయిందో అంది. వాడి డిబ్బీలోంచి ఇరవై రూపాయలు తీసుకెళ్లి చిన్న సీసా కొన్నాడు. ఆవిడ మూత తీసి, అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకుని, ముందు వాసన చూసింది, తర్వాత నెమ్మదిగా పాపిట నుంచి జడ చివరి దాకా రాసుకుంది. మిగిలిన తడి చేతిని మావాడి తల మీద పెట్టి రుద్దింది. ఇంటికి వచ్చి స్నానం చేయమంటే ఆ రోజు తల మాత్రం తడపనివ్వలేదు.